గేటు బయట

జనవరి 6, 2025, సోమవారం
మొన్న శనివారం విజయవాడ పాయకాపురం జూనియర్ కాలేజీలో మధ్యాహ్న భోజనం మొదలుపెట్టారు. రాష్ట్రమంతా 475 ప్రభుత్వ జూనియర్ కాలేజీల్లో. పదో తరగతి దాకా బళ్లో అన్నం తిన్న పిల్ల ఇంటర్‌లో చేరినంత మాత్రాన ఆకలి మానేస్తుందా? మంచి పని. చాలా మంచి పని.

జనవరి 8
మా వీధి చివర హైస్కూలు. ఇంటర్వెల్. గేటు దాటగానే చిప్స్ దండలు వేలాడే కొట్టు. పక్కన నూడుల్స్ బండి. ఆ పక్కన పునుగులు. జామకాయల బండి రోడ్డుకి అవతల. బస్సులు తప్పించుకుని అంత దూరం ఎవరు పోతారు, గంట కొట్టేలోగా?

కొవ్వు, ఉప్పు, చక్కెర ఎక్కువున్నవి బడి గేటుకి 50 మీటర్ల లోపు పిల్లలకి అమ్మకూడదని 2020లోనే నిబంధన వచ్చింది. చిప్స్ కొట్టు గేటుకి పది అడుగులు.

జనవరి 9
జామకాయ కోసి, ఉప్పూకారం అద్ది, కాగితం ముక్కలో పెట్టి ఉంచితే కొంటున్నారు. కాయగా ఉంటే చూడను కూడా చూడరు.

జనవరి 13, భోగి
తమ్ముడి కూతురు హాస్టల్ నుంచి వచ్చింది. అరిసెలు ముట్టలేదు. రాత్రి పదకొండుకి లేచి ఫ్రిజ్ తలుపు తీసి నిలబడింది. ఆకలా అంటే, "ఏమో అత్తా, ఈ టైముకి అలవాటైపోయింది."

హాస్టల్లో ఏడున్నరకే భోజనం. స్టడీ అవర్ పదకొండు దాకా. నిద్ర రాకుండా ఎనర్జీ డ్రింకులు. డే స్కాలర్లు తెచ్చిస్తారట. బ్యాగులో ఖాళీ టిన్ను ఉంది. పిల్లలకు తగదని దాని మీదే రాసుంది. చదవడానికి నాకు కళ్లజోడు కావాల్సి వచ్చింది.

మేనకోడల్ని ఏమీ అనలేకపోయాను. పదహారేళ్ల పిల్ల.

జనవరి 28
ఎదురింటి అమ్మాయి, తొమ్మిదో తరగతి. సాయంత్రం బడి నుంచి వచ్చేసరికి నీళ్ల సీసా పొద్దున నింపినట్టే ఉంది. బాత్రూము తలుపుకి గడియ లేదట. అందుకని నీళ్లు తాగదు. అన్నం కూడా సగమే తింటుంది. వాళ్లమ్మ పిల్లకి ఆకలి మందగించిందని డాక్టరు దగ్గరికి తీసుకెళ్తానంటోంది. గడియ సంగతి చెప్పాను.

ఫిబ్రవరి 14
గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ. చికెన్ పకోడీ బండి మూతపడింది. రోజూ అక్కడ నిలబడే కుర్రాళ్లు పక్క బండి దగ్గర గోబీ మంచూరియా తింటున్నారు. ఒక్కడూ ఇంటికి పోలేదు. ఒక్కడూ చికెన్ ఊసెత్తలేదు. వాళ్లకి కావాల్సింది నిలబడే చోటు, పక్కన స్నేహితుడు, ఇరవై రూపాయల్లో వేడిగా ఏదో ఒకటి.

ఫిబ్రవరి 19
కూల్‌డ్రింక్ సీసా తిప్పి చదివాను. 250 మిల్లీలీటర్లు. నూరింటికి పది గ్రాముల పైన చక్కెర. పై నుంచి కలిపే చక్కెర రోజుకి 25 గ్రాములు మించొద్దని తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో చెప్పింది. అంటే ఈ ఒక్క సీసాతో సరి. ఇంట్లో టీ, పరమాన్నం, బిస్కెట్టు అన్నీ ఆ పైన.

మార్చి 4
చిప్స్ కొట్టు ఆవిడతో చాలాసేపు మాట్లాడాను. అరటిపళ్లు పెట్టొచ్చు కదమ్మా అన్నాను. పెట్టి చూసిందట.

"నల్లబడితే నష్టం నాదేనండి. ప్యాకెట్లయితే డేటు అయిపోతే కంపెనీ కుర్రాడే పట్టుకుపోతాడు. సరుకు అప్పుగా వేస్తాడు. ఆ దండలు కట్టిందీ అతనే."

ఇద్దరు పిల్లల్ని ఆ కొట్టు మీదే చదివిస్తోంది. ఆవిడ మీద కోపం రాలేదు.

ఫ్రిజ్ కూడా కూల్‌డ్రింక్ కంపెనీదే. ఎండలు ముదురుతున్నాయి, పొద్దున్నే మజ్జిగ చిలికి గ్లాసుల్లో పోసి అందులో పెట్టు, పెరుగు నేనిస్తానన్నాను. వాళ్ల సరుకు తప్ప వేరేది పెడితే ఫ్రిజ్ తీసుకుపోతారట. మట్టికుండ అయితే పెడతానంది. రేపు కుండ కొనాలి.