రెండు స్లాట్ల ఇల్లు

కూరగాయలన్నీ కొన్నాక చివర్లో కరివేపాకు అడుగుతాం చూడండి, కంప్యూటర్ సొంతంగా కట్టుకునేవాళ్ళకి ర్యామ్ అలాంటిది. గ్రాఫిక్స్ కార్డు గురించి కలలు కంటారు. ప్రాసెసర్ గురించి స్నేహితులతో గొడవపడతారు. క్యాబినెట్‌కి అద్దం ఉండాలా వద్దా అని వారం రోజులు ఆలోచిస్తారు. ర్యామ్ దగ్గరికొచ్చేసరికి "ఒక పదహారో ముప్పైరెండో వెయ్" అంటారు. నా లిస్టులోనూ అది చివరి వరసలోనే ఉంది. 2025 సెప్టెంబర్లో రాసుకున్న ఆ లిస్టు ఇంకా నా ఫోన్లో ఉంది: 16 జీబీ స్టిక్కులు రెండు, డీడీఆర్5, 6000 వేగం, తొమ్మిది వేలు. కంప్యూటర్ మొత్తానికి ఎనభై వేలు.

బోనస్ డిసెంబర్లో వచ్చింది. సికింద్రాబాద్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ మెట్లెక్కి అదే ర్యామ్ అడిగితే ఇరవై ఏడు వేలన్నారు. పక్క షాపులో ఇరవై ఎనిమిది. "రేపొస్తే ఇంకో రేటు ఉంటది మేడం" అన్నాడు కౌంటర్ దగ్గరి కుర్రాడు, బంగారం షాపువాడిలా.

కారణం అందరికీ తెలిసిందే. ప్రపంచంలో ఈ రకం మెమరీ చిప్పుల్లో ఎక్కువ భాగం తయారుచేసేవి మూడే కంపెనీలు: సామ్‌సంగ్, ఎస్‌కే హైనిక్స్, మైక్రాన్. ఏఐ డేటా సెంటర్లకి కావలసిన మెమరీలో లాభం ఎక్కువ కాబట్టి ఫ్యాక్టరీలు అటు తిరిగాయి. ఆ డిసెంబర్లోనే మైక్రాన్, మనలాంటి మామూలు కొనుగోలుదారులకి అమ్మే తన క్రూషియల్ బ్రాండుని ఆపేస్తున్నట్టు ప్రకటించింది. పగలు ఆఫీసులో నాకు ఈమెయిళ్ళు రాసిపెట్టే యంత్రమే, రాత్రి నేను ఆడుకోవాల్సిన స్టిక్కుల్ని ఎత్తుకుపోతోందన్నమాట.

వదిలేసి ఊరుకోవచ్చు కదా అంటే, ఊరుకోలేను. సూర్యాపేటలో నేను స్కూల్లో ఉన్నప్పుడు నెట్ సెంటర్లకి మగపిల్లలు వెళ్ళేవాళ్ళు. వేసవి సెలవుల్లో మా బావ వాళ్ళింట్లో కంప్యూటర్ ఉండేది కానీ, వాడు వైస్ సిటీ ఆడుతుంటే వెనక కుర్చీలో కూచుని చూడటమే నా వంతు. "పోలీసులొస్తున్నరు, ఎడమకి తిప్పు" అని చెప్పడం వరకూ నాకు అనుమతి. ఆ తర్వాత వచ్చిన ఆటలన్నీ యూట్యూబ్‌లో ఇంకెవరో ఆడుతుంటే చూశాను. ఇరవై ఏడేళ్ళొచ్చాక, సొంత జీతంతో, ముందు కుర్చీలో కూచోవాలనుకున్నాను. అంతే.

అందుకని లిస్టులో చివరి వరస ముందుకొచ్చింది. మూడు వారాలు ర్యామ్ గురించే చదివాను.

ఎంత కావాలి అన్నది మొదటి ప్రశ్న. మా అమ్మ వంటింట్లో అటక మీద ఏడాదికి సరిపడా సామాను ఉంటుంది. పొయ్యి పక్క గట్టు మీద మాత్రం ఆ పూట వంటకి కావలసినవే ఉంటాయి. ఎస్ఎస్‌డీ అటక, ర్యామ్ గట్టు. గట్టు చిన్నదైతే ప్రతిదానికీ స్టూలెక్కి దిగాలి. ఆటలో బొమ్మ తడబడి ఆగి కదులుతుంది చూడండి, ఒక్కోసారి అది స్టూలెక్కి దిగడమే. రెడ్ డెడ్ రిడెంప్షన్ 2 తయారుచేసినవాళ్ళు 12 జీబీ ఉంటే మంచిదన్నారు. ఎల్డెన్ రింగ్ వాళ్ళు 16 అన్నారు. నేను ఆడాలనుకున్నవి ముఖ్యంగా ఆ రెండే. ముప్పైరెండు నా లిస్టులోకి ఎలా వచ్చిందంటే, "తర్వాత పనికొస్తుంది" అని వచ్చింది.

ఎంత వేగం అన్నది రెండో ప్రశ్న. ఇక్కడ డబ్బా మీద రెండు అంకెలు చూడాలి. 6000 అంటే సెకనుకి ఎన్ని మిలియన్ సార్లు డేటా బదిలీ అవుతుందో. పక్కన సీఎల్ 30 అనో 36 అనో ఉంటుంది. అడిగిన తర్వాత మొదటి జవాబు రావడానికి ఎన్ని గడియల ఆలస్యమో అది. రెండోదాన్ని రెండువేలతో గుణించి మొదటిదాంతో భాగిస్తే నానోసెకన్లు వస్తాయి. 6000, సీఎల్ 30 అయితే పది. పాత డీడీఆర్4లో 3200, సీఎల్ 16 తీసుకున్నా అదే పది. ఈ లెక్క కాగితం మీద వేసుకున్న రోజు నాకు భలే ఆనందమేసింది. కొత్త తరం ఎక్కువ సరుకు మోసుకొస్తుంది తప్ప, పిలిస్తే పలకడానికి పట్టే సమయం దాదాపు అంతే. కౌంటర్లో కుర్రాడు సీఎల్ 40 ఉన్నదాన్ని "సేమ్ మేడం, డీడీఆర్5యే" అని చేతిలో పెట్టబోతే వద్దనగలిగాను.

లెక్కల మధ్య ఇంకో సంగతి తెలిసింది. దీన్ని కనిపెట్టినాయన ఐబీఎంలో పనిచేసిన రాబర్ట్ డెన్నార్డ్. 1968లో పేటెంట్ వచ్చింది. ఒక్కో బిట్‌కి ఒక ట్రాన్సిస్టర్, ఒక కెపాసిటర్. కెపాసిటర్లో చార్జ్ ఉంటే ఒకటి, లేకపోతే సున్నా. తంటా ఏమిటంటే ఆ కెపాసిటర్ కారిపోతుంటుంది, చిల్లు కుండలా. అందుకని డీడీఆర్5లో మామూలుగా 32 మిల్లీసెకన్లకొకసారి చిప్పులో ప్రతి వరసనీ చదివి తిరిగి రాస్తారు. సెకనుకి ముప్పైసార్లకు పైగా. మామూలుగా చదివినా సరే, చదవడంతోనే అక్కడున్నది చెరిగిపోతుంది, మళ్ళీ రాయాలి. జ్ఞాపకం అని పేరు పెట్టుకున్న వస్తువు, క్షణక్షణం మరిచిపోతూ, మళ్ళీ గుర్తుచేసుకుంటూ బతుకుతోంది. దీనికి ఇరవై ఏడు వేలు.

మూడో ప్రశ్న దగ్గర నేను నిజంగా ఇరుక్కున్నాను. ఒకటా, రెండా?

ప్రాసెసర్‌కి ర్యామ్‌తో మాట్లాడటానికి రెండు దారులుంటాయి. ఒకే స్టిక్కు పెడితే ఒక దారే తెరుచుకుంటుంది. 6000 వేగంతో ఒక దారిలో సెకనుకి 48 జీబీ వెళ్తుంది, రెండు దారుల్లో 96. "డీడీఆర్5లో ఒక్క స్టిక్కులోనే రెండు చానెళ్ళుంటయ్, ఒకటి చాలు" అన్నాడు ఆఫీసులో ఒకతను. ఉంటాయి నిజమే, కానీ అవి 32 బిట్ల సగం దారులు. రెండూ కలిపితే పాత ఒక్క దారంతే.

కాబట్టి ఇప్పుడు ఆడటానికి బాగుండేది రెండు ఎనిమిదులు. రేపటికి బాగుండేది ఒక్క పదహారు: ఇప్పుడు సగం వేగంతో సర్దుకుని, ధర తగ్గాక ఇంకో పదహారు పక్కన పెట్టుకోవచ్చు. నాలుగు స్లాట్ల బోర్డు కొంటే, ఇప్పుడు రెండు ఎనిమిదులు పెట్టి తర్వాత ఇంకో రెండు కలుపుకోవచ్చు. అడిగిన ప్రతివాళ్ళూ చెప్పింది ఇదే. "జాగా ఉంచుకో."

ఈ మాట నేను పుట్టినప్పటినుంచీ వింటున్నాను. సూర్యాపేటలో మా ఇంటి స్లాబు మీద ఆరు పిల్లర్ల నుంచి ఇనప చువ్వలు పైకి పొడుచుకుని ఉండేవి. మన ఊళ్ళల్లో సగం ఇళ్ళు ఇంతే కదా. నాయిన ఆర్టీసీ డిపోలో మెకానిక్. పీఎఫ్ లోను పెట్టి 1998లో కింద రెండు గదులు వేశాడు. పునాది మాత్రం రెండంతస్తులకి తవ్వించాడు. పైన నాకొకటి, తమ్ముడికొకటి అని లెక్క. ఆ చువ్వల మీద అమ్మ బట్టలారేసేది, మేం గాలిపటాల దారం చుట్టేవాళ్ళం. పైఅంతస్తు మాత్రం లేవలేదు. నా బీటెక్ వచ్చింది, తమ్ముడి వీసా వచ్చింది, నాయిన రిటైర్మెంట్ వచ్చింది. చువ్వలు తుప్పు పట్టాయి. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బుతుంది, ఉబ్బితే కాంక్రీటు పగులుతుంది, ఆ పగుల్లోంచి వానాకాలం వంటింట్లోకి నీళ్ళు దిగడం మొదలైంది. పోయినేడు నాయిన వాటిని కోయించి పైన సిమెంటు పూయించాడు. ఫోన్లో ఒక్క ముక్కలో చెప్పాడు: "చువ్వలు తీసేసిన బిడ్డా. అవి ఉంచితే ఉన్న ఇల్లు ఖరాబైతుంది." నేను "మంచిది నాయినా" అన్నాను. ఇద్దరం ఇంకేం మాట్లాడుకోలేదు. మేమిద్దరం తిరిగిరామని ఆయన ఒప్పుకున్న రోజు అదని తర్వాత అర్థమైంది.

నాయిన లెక్క తప్పని నేననను. 1998లో సిమెంటు ధర చూసి, పిల్లల్ని చూసి, ఎవరైనా ఆ లెక్కే వేస్తారు. కానీ ఖాళీ జాగా ఉచితం కాదన్నది నాకు ఆ వంటింటి గోడే చెప్పింది. ర్యామ్‌కీ అంతే. నాలుగు స్లాట్ల బోర్డు మూడున్నర వేలు ఎక్కువ. సరే, ఇచ్చి కొన్నాననుకుందాం. డీడీఆర్5లో నాలుగు స్టిక్కులు పెడితే ప్రాసెసర్ మీద భారం పెరుగుతుంది. నేను తీసుకునే రైజెన్ 7000 వరసకి నాలుగు స్టిక్కులతో ఏఎండీ హామీ ఇచ్చే వేగం 3600 మాత్రమే. పైన ఇంకో అంతస్తు వేస్తే కింది ఇంట్లో నడక కూడా నెమ్మదిస్తుందన్నమాట. పైగా రెండేళ్ళ తర్వాత అదే పేరుతో అదే డబ్బా తెచ్చినా లోపలి చిప్పులు వేరేవి కావచ్చు, కలుస్తాయని ఎవరూ పూచీ ఇవ్వరు. ఒక్క పదహారు కొంటే, ధర తగ్గేదాకా రోజూ రాత్రి సగం దారిలోనే ఆడాలి. ఆ "దాకా" ఎప్పటికో ఎవరూ చెప్పలేదు.

రెండే స్లాట్లున్న బోర్డు తీసుకున్నాను. 8 జీబీ స్టిక్కులు రెండు, 6000, సీఎల్ 30, పద్నాలుగు వేలు. మొదటి లిస్టు కన్నా ర్యామ్ మీద ఐదు వేలు ఎక్కువైంది, బోర్డు మీద మూడున్నర వేలు మిగిలింది. వీటికీ లోట్లున్నాయి. ఎనిమిది జీబీ స్టిక్కులో చిప్పులు తక్కువుంటాయి కాబట్టి అదే అంకెలున్న పదహారు కన్నా కొంచెం వెనకబడుతుంది. పెంచాలంటే రెండూ పీకేసి, అమ్మేసి, కొత్తవి కొనాలి. అప్పుడు చూసుకుంటాను.

రాత్రి నాయినకి ఫోన్ చేశాను.

"ఎంతైంది?"

"ఎనభై ఒకటిన్నర."

"ఆఫీసోళ్ళిచ్చిన లాప్‌టాప్ ఉంది గద బిడ్డా."

"దాంట్ల ఆటలాడొద్దు నాయినా."

కాసేపు ఏమీ అనలేదు. పెళ్ళి మాట వస్తుందనుకున్నాను. రాలేదు. బోర్డంటే ఏంది, ర్యామంటే ఏంది అని ఒక్కొక్కటీ అడిగాడు, ఇంజన్ విప్పి చూసేవాడిలా. చెప్పాను.

"మరి రేపు ఇంకోటి పెట్టాల్నంటే జాగ ఉంటదా?"

"ఉండదు. రెండే ఉన్నయ్. రెండూ నింపిన."

ఈసారి ఇంకాస్త ఎక్కువసేపు ఆగాడు.

"మంచిదే తియ్. ఖాళీ సీట్లున్న బస్సు గూడ గంతే డీజిలు తాగుతది," అన్నాడు. తర్వాత, "వేడెక్కుతదా అది?" అని అడిగాడు.

శనివారం పొద్దున్నే హాల్లో దుప్పటి పరిచి మొదలుపెట్టాను. స్టిక్కుకి మధ్యలో కాస్త పక్కగా ఒక గాటు ఉంటుంది. అది స్లాట్లో ఉన్న అడ్డుకి సరిపోతేనే లోపలికి దిగుతుంది. డీడీఆర్4కీ 5కీ కాళ్ళు 288యే అయినా ఆ గాటు చోటు వేరు. రెండు చివర్లా బొటనవేళ్ళు పెట్టి నొక్కితే టక్కుమంది. భయపడేంత బలం పెట్టాలి. రెండోది కూడా టక్కుమంది.

పవర్ బటన్ నొక్కితే ఫ్యాన్లు తిరిగాయి, తెర మాత్రం నల్లగానే ఉంది. ఒక నిమిషం, రెండు నిమిషాలు. డీడీఆర్5తో మొదటిసారి ఆన్ చేసినప్పుడు ఇలా ఉంటుందని చదివాను. ప్రాసెసర్ కొత్త స్టిక్కులతో ఏ వేగంలో, ఏ గడియకి మాట్లాడితే మాట తడబడకుండా ఉంటుందో ఒక్కోటీ పరీక్షించుకుంటుంది. ట్రైనింగ్ అంటారు. అప్పుడు కంగారుపడి బటన్ నొక్కకూడదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని కూచున్నాను. మూడో నిమిషంలో తెర వెలిగింది. వేగం 4800 అని చూపించింది. మనం బయాస్‌లోకి వెళ్ళి ఎక్స్‌పో అన్నది ఆన్ చేసేదాకా అది డబ్బా మీద రాసిన వేగానికి వెళ్ళదు, చాలామంది ఏళ్ళ తరబడి అలాగే వాడేస్తుంటారట. ఆన్ చేశాను. మళ్ళీ నల్ల తెర, మళ్ళీ ఎదురుచూపు. ఈసారి 6000.

ఆట డౌన్‌లోడ్ అయ్యేసరికి సాయంత్రమైంది. రెడ్ డెడ్ మంచు కొండల్లో మొదలవుతుంది. గుర్రాలు మోకాలిలోతు మంచులో ఈడ్చుకుంటూ నడుస్తుంటే ఎక్కడా తడబడలేదు. గంట తర్వాత ఆపి టాస్క్ మేనేజర్ తెరిచి చూశాను. మెమరీ పేజీలో కింద చిన్న అక్షరాల్లో ఉంది: వాడుకలో ఉన్న స్లాట్లు, 2లో 2. దాన్ని ఫోటో తీసి నాయినకి పంపి, వెళ్ళి మళ్ళీ గుర్రమెక్కాను.