ఇల్లు భాగాలు కాకముందే: ఫిష్‌ఐ లెన్సు ఎట్ల ఎంచుకున్నామంటే

బెంగళూరు, హోసూరు, బళ్ళారి, ఇంకా దూరాన అమెరికాలో ఉండే మన ఇంటోళ్లు చాలామంది ఒకటే మాట అడుగుతున్నారు: "మిద్దె లోపల నిలబడి చుట్టూ చూసినట్టుండే ఆ ఫొటో ఏ లెన్సుతో తీసినారు?" ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్పేకన్నా ఇక్కడ రాసిపెడితే మేలు.

సంగతి మీకు తెలిసిందే. మా పావగడ తాలూకాకు మూడు పక్కలా ఆంధ్రే. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం. మేము కన్నడ మీడియంలో చదివినోళ్లం, తెలుగు అక్షరాలు తాత నేర్పించినవి. ఆ తాత మిద్దె ఇప్పుడు ముగ్గురు కొడుకులకు మూడు భాగాలు అవుతున్నది. ఉగాది దాటినాక పడసాల నడిమధ్యలో గోడ లేస్తుంది, వెనక భాగం పడగొట్టి కొత్తగా కడతారు. భాగాలు న్యాయంగానే పంచినారు, దాంట్లో ఎవరికీ మాట లేదు. అయితే పడసాల దూలం మీద తాత సున్నంతో రాసిన వరస ఒకటుంది. బిడ్డలు పుట్టిన తేదీలు, బావి తవ్విన సంవత్సరం, వాన పడని ఏండ్లు అన్నీ తెలుగులో ఉన్నాయి. ఆ దూలం ఒక్కరి భాగానికి రాదు. గోడ కిందనే పోతుంది. అందుకే ఇల్లంతా ఒకటిగా ఉండగానే, ఆ అక్షరాలు చదవగలిగేటట్టు, ఒక ఫొటో కావాలనుకున్నాము.

ఫిష్‌ఐ అంటే చేపకన్ను. 1906లో అమెరికా భౌతిక శాస్త్రవేత్త రాబర్ట్ వుడ్ నీళ్లలోని చేపకు పైలోకం ఎట్ల కనపడుతుందో చూడాలని, నీళ్లు నింపిన పాత్రతోనే కెమెరా చేసి ఫొటోలు తీసినాడు. 1920ల్లో ఇంగ్లండులో రాబిన్ హిల్ మేఘాల కోసం ఆకాశమంతా ఒకే ఫొటోలో పట్టే లెన్సు తయారు చేసినాడు. బావిలో ఈత నేర్చినోళ్లకు ఇది కొత్త కాదు. మునిగి పైకి చూస్తే గట్టు, చెట్టు, గట్టు మీద నిలబడినోళ్లు, అంతా ఒక గుండ్రంలో కనపడేది. ఆ గుండ్రం వెడల్పు సుమారు 97 డిగ్రీలే గానీ, దాంట్లో పైనున్న 180 డిగ్రీల లోకమంతా ఇమిడిపోతుంది. ఇదంతా చెప్తే అవ్వ అడిగింది: "ఏమప్పా, చేప చూసినట్ల చూస్తే ఇల్లు మునిగినట్ల కనపడదా?" లేదవ్వా, వంకరగా పడిన గీతలను కంప్యూటరు మళ్లీ సరిచేస్తుంది అని చెప్పినాము.

మా చేతిలో ఉండేది 24 మెగాపిక్సెళ్ల చిన్న సెన్సారు కెమెరా, అంటే ఏపీఎస్-సి. మా ముందర నాలుగు దారులు కనపడినాయి.

మొదటిది, ఒక్క నొక్కుతో చుట్టూ తీసే 360 కెమెరా. అన్నిటికన్నా సులభం. కానీ 6 వేల పిక్సెళ్ల వెడల్పు బొమ్మ ఇచ్చే కెమెరా అయితే, డిగ్రీకి 17 పిక్సెళ్లు కూడా రావు.

రెండోది, పూర్తి గుండ్రం పడే 8 ఎంఎం సర్క్యులర్ ఫిష్‌ఐ. మూడు నాలుగు ఫొటోలతో పని అయిపోతుంది. అయితే దానికి ఫుల్ ఫ్రేమ్ కెమెరా ఉండాల. మా కెమెరాకు పెడితే గుండ్రం కింద, పైన తెగిపోతుంది. ఫుల్ ఫ్రేమ్ 24 మెగాపిక్సెళ్లదైనా చుట్టూ వచ్చేది సుమారు 8 వేల పిక్సెళ్లే.

మూడోది, చిన్న సెన్సారు కోసమే చేసిన 8 ఎంఎం ఫిష్‌ఐ, సామ్యాంగ్ లాంటిది. కెమెరా నిలువుగా పెట్టి చుట్టూ 6, పైకి 1, కిందికి 1, మొత్తం 8 ఫొటోలు. చుట్టుకొలత 12 వేల పిక్సెళ్ల పైమాటే.

నాలుగోది, కెమెరాతో వచ్చే 18 ఎంఎం మామూలు లెన్సు. చుట్టూ సుమారు 29 వేల పిక్సెళ్లు వస్తాయి, అన్నిటికన్నా స్పష్టం. కానీ మూడు వరసల్లో 35కు పైగా ఫొటోలు తీయాల.

మా ఉద్యోగం సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. లెన్సు మంచిదా కాదా అని ఊరికే అడగము, ఏ పరీక్షలో నెగ్గాలో ముందు రాసుకుంటాము. ఇక్కడ పరీక్ష ఒత్తు. తాత అక్షరం ఎత్తు 3 సెంటీమీటర్లు, కెమెరా నుంచి దూలం 2 మీటర్లు. లెక్క వేస్తే 360 కెమెరాలో ఆ అక్షరానికి 14 పిక్సెళ్లు దక్కుతాయి. తలకట్టు కనపడుతుంది గానీ కింద ఒత్తు కలిసిపోతుంది. 8 ఎంఎం ఫిష్‌ఐలో సుమారు 30 పిక్సెళ్లు, ఒత్తు విడిగా తెలుస్తుంది. 18 ఎంఎంలో 70 దాకా వస్తాయి.

మరి 18 ఎంఎం ఎందుకు వద్దన్నామంటే, గవాక్షి వల్ల. పడసాల చీకటి, గవాక్షి కింద మాత్రం కళ్లు చెదిరే ఎండ. రెండూ నిలవాలంటే ఒక్కో దిక్కుకు మూడు వెలుతుర్లలో తీయాల. ఫిష్‌ఐతో 24 ఫొటోలు, 18 ఎంఎంతో నూరు దాటుతాయి. అంతలోపల ఎండమచ్చ నేల మీద జరిగిపోతుంది, అతుకు దగ్గర రెండుగా కనపడుతుంది. అవ్వ కూడా అంతసేపు కదలకుండా కూర్చోలేదు. అవ్వ లేని పడసాల ఫొటో మాకెందుకు?

అందుకే మూడోదాన్ని బెంగళూరులో రెండు రోజులకు అద్దెకు తెచ్చినాము. దానికి ఆటో ఫోకస్ లేదు, ఉండాల్సిన పని కూడా లేదు. ఎఫ్/8 పెట్టి అర మీటరు దగ్గర ఫోకస్ చేస్తే, పావు మీటరు నుంచి దూరం దాకా అంతా స్పష్టమే. చిన్న గదుల్లో ముఖ్యమైనది ఇంకొకటి: కెమెరా తిరిగేటప్పుడు లెన్సు ముందరి భాగం జరగకూడదు. దగ్గర ఒక వాకిలి, దూరాన ఒక కరెంటు కంబం పెట్టి చూసుకోండి. కెమెరా తిప్పినా రెంటి నడుమ సందు మారకపోతే సరైన చోట ఉన్నట్టే. అతికించేదానికి హ్యూగిన్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ చాలు.

ఇదే లెన్సు అన్నిచోట్లా పనికొస్తుందని కాదు. పావగడ కొండ మీదికి ఎక్కి చూస్తే బండలు, చెరువు, శెనక్కాయ చేన్లు, అన్నీ దూరమే. అక్కడ 8 ఎంఎం ప్రతిదాన్నీ ఆవగింజ చేస్తుంది. తిరుమణి పక్క సోలార్ పార్కు చూడండి. సుమారు 13 వేల ఎకరాలు, 2,050 మెగావాట్లు. రైతులు భూమి అమ్మలేదు, కౌలుకు ఇచ్చినారు. అందులో ఎవరి చేను ఎక్కడుండేదో గుర్తుపట్టాలంటే 18 ఎంఎం, ఇంకా పొడుగు లెన్సయినా పెట్టి, ఓపికగా వరసలు తీయాల్సిందే. అక్కడ ఎండమచ్చ భయం లేదు, కూర్చొని అలిసిపోయే అవ్వ లేదు.

గోడను మేము ఆపలేదు, ఆపాలని అడగనూలేదు. ముగ్గురన్నదమ్ములకూ ఒకే ఫైలు మూడు కాపీలు ఇచ్చినాము. అతికించిన బొమ్మతోపాటు అసలు ఫొటోలు కూడా పెట్టినాము, రేపు ఇంకా మంచి సాఫ్ట్‌వేర్ వస్తే పిల్లలు మళ్లీ అతికించుకుంటారు. మీ ఇండ్లలో దూలం మీదో, వాకిలి మీదో అక్షరాలుంటే వాటి ఎత్తు, నిలబడే చోటు నుంచి దూరం కొలిచి మాకు పంపండి. ఏ లెన్సు సరిపోతుందో లెక్క వేసి చెప్తాము. కొలత మాత్రం పెద్దమనుషులు కూర్చోకముందే తీసుకోండి.