నడిపించుట – అనుసరించుట

టాంగో నృత్యమునందు పురుషుడు నడిపించుననియు, స్త్రీ అనుసరించుననియు లోకవాడుక. సంస్కారప్రియులగు చదువరులకు ఈ మాట రుచింపకపోవచ్చును. 40 ఏండ్లుగా ఈ విద్యను అభ్యసించుచు, అందు సగము కాలము బోధించుచునున్న మేము దీనిని గూర్చి రెండు మాటలు విన్నవింపదలచితిమి.

19వ శతాబ్దపు తుదిభాగమున దక్షిణ అమెరికాయందలి బ్యూనస్ ఐరిస్, మాంటెవిడియో రేవుపట్టణముల పేదవాడలలో ఈ నృత్యము పుట్టినది. ఐరోపానుండి వలసవచ్చినవారును, ఆఫ్రికా సంతతివారును, స్థానికులును దీనిని కలసి పెంచిరి. తొలుత ఏవగించుకొనిన సంపన్నులే, పారిసు నగరము మెచ్చిన పిమ్మట ఆదరించిరి. 2009లో యునెస్కో దీనిని మానవజాతి వారసత్వ పట్టికయందు చేర్చినది.

నడిపించుట యనగా ఆజ్ఞాపించుట కాదు. నడిపించువారు తమ మేని కదలికచే ఒక అడుగునకు ఆహ్వానింతురు. ఎదుటివారు ఆ అడుగు వేసి బరువు నిలుపుకొనువరకు వేచియుండవలెను. చేతులతో లాగుట, త్రోయుట నేర్పులేమికి గుర్తులు. అనుసరించుటయు మూగవిధేయత కాదు. తమ కాలిపై తాము నిలువలేనివారు అనుసరింపజాలరు. మిలోంగా యను నృత్యసభలలో పిలుపు సైతము కనుచూపుతోనే జరుగును. ఇష్టములేనివారు చూపు మరల్చిన చాలును, ఎవరికిని చిన్నతనము కలుగదు.

పూర్వము బ్యూనస్ ఐరిస్ యువకులు పలువురు తమలో తాము అభ్యసించుచు, ముందుగా అనుసరించుట నేర్చి, పిదప నడిపింప మొదలిడెడివారు. మేమీ పద్ధతిని స్త్రీపురుషు లిరువురకును వర్తింపజేయుచున్నాము. మొదటి నెలలలో నడక తప్ప వేరేమియు నేర్పము. మేము సైతము ప్రతిదినము ఉదయమున అరగంటసేపు గోడవెంట మెల్లగా నడచి, ఒక్కొక్క పాదముపై బరువు నిలుపుట సాధన చేయుదుము. ముదిమిచే మోకాళ్లు సడలినకొలది ఈ సాధన విలువ మరింత తెలియుచున్నది.

ఇటీవల దంపతు లిరువురు మాయొద్దకు వచ్చిరి. "నాకు నడిపించుట నేర్పుడు, ఈమెకు అనుసరించుట చాలును" అని భర్త కోరెను. మే మంగీకరింపలేదు. ఆయనను కన్నులు మూసికొని భార్యవెంట నడువుమంటిమి. పది దినములవరకు ఆమె పిలువకమునుపే ఆయన పాదము కదలుచుండెను. పదునొకండవనాడు నిలిచి, "ఆగుట యింత కష్టమా!" అనెను. ఆనాటినుండి ఆయన నడిపింపు మృదువైనది. అంతకుముందు నేలచూపు విడువని ఆమెయు తలయెత్తి నడిపింప నేర్చినది.

ఇరువురిచేతను రెండు పాత్రలు నాడించుటకు కొందరు సంప్రదాయజ్ఞులు సమ్మతింపరు. వారియెడ మాకు గౌరవము కలదు. కాని ఎదుటివారి అడుగు బరువు నెరుగనివారికి నడిపించు అర్హత ఎట్లు కలుగును? నృత్యశాలకే గాక గృహమునకును ఈ ప్రశ్న వర్తించునని మా నమ్మకము, చదువరులు యోచింతురుగాక.