పంచదార పారిజాతాలు

మన పత్రికలో వంటల గురించీ, ముగ్గుల గురించీ సోదరీమణులు రాస్తూనే ఉంటారు. బి.కాం. చదివి, ముప్పై ఏళ్ళుగా బ్యాంకులో జమాఖర్చులు చూసుకుంటున్న నాబోటివాడు పువ్వుల గురించి రాయడం కొందరికి వింతగా తోచవచ్చు. నేను చెప్పబోయేవి తోటలో పూసేవి కావు. ఐసింగ్ షుగర్‌తో, అంటే మెత్తటి పంచదార పిండితో, కేకుల మీద అలంకరణకు చేత్తో చేసే పువ్వులు. కొన్నేళ్ళుగా నా ఆదివారాలు వీటితోనే గడుస్తున్నాయి.

ఈ విద్య నాకు బ్యాంకు ద్వారానే పరిచయమైంది. 2015లో ముద్రా రుణాల పథకం వచ్చిన కొత్తలో, ఇంట్లో కేకులు చేసి అమ్ముకునే ఒకావిడ బెంగళూరులోని మా శాఖకు అర్జీ పెట్టుకున్నారు. తనిఖీకి వెళితే బల్ల మీద గాజు సీసాలో గులాబీలు కనిపించాయి. "పూలకు నెలకెంత ఖర్చవుతుందమ్మా?" అని లెక్క రాసుకోబోయాను. ఆవిడ నవ్వి, ఒక రేకు విరిచి నా చేతిలో పెట్టారు. నోట్లో వేసుకుంటే తియ్యగా ఉంది! రుణం మంజూరై, ఆ ఖాతా వేరే అధికారి చేతికి మారాక, ఆవిడ నడిపే ఆదివారం తరగతిలో ఫీజు కట్టి చేరాను. తరగతిలో నలుగురు ఆడవాళ్ళు, నేనొక్కణ్ణే మగవాణ్ణి.

నిజానికి పంచదారతో బొమ్మలు చేయడం మనకు కొత్తేమీ కాదు. మన పెళ్ళిళ్ళలో పంచదార చిలకలు ఎరగనివారుండరు. ఇక్కడ కర్ణాటకలో సంక్రాంతికి నువ్వులు, బెల్లంతో పాటు 'సక్కరె అచ్చు' పంచుతారు. మహారాష్ట్రలో కొత్త కోడళ్ళకూ, చంటిపిల్లలకూ తొలి సంక్రాంతికి పంచదార పలుకుల నగలు వేస్తారు. మా తాతగారు చిత్తూరు వైపు నుంచి ఇక్కడికి వచ్చినప్పుడు తెచ్చుకున్న సామానులో చిలకల కొయ్య అచ్చు కూడా ఒకటుంది. పాకం పట్టి, అచ్చు రెండు ముక్కలూ దారంతో బిగించి, అందులో పోస్తే కాసేపటికి చిలక గట్టిపడుతుంది. కేకు పువ్వుకి పొయ్యి అక్కర్లేదు. పంచదార పిండిని బంకతో కలిపి ముద్ద చేసి, గాలికి ఆరబెడతారు. అచ్చులో చిలకలన్నీ ఒకే రకంగా వస్తాయి. చేత్తో చేసిన పువ్వు ఒకదానిలా ఇంకొకటి రాదు.

ఇక ఇంటి సంగతి. మా అమ్మ గుడ్డు ముట్టదు. మనవలూ మనవరాళ్ళ పుట్టినరోజులకు పొద్దున్నే దేవుడి దగ్గర దీపం పెట్టి, అక్షింతలు వేసి దీవిస్తుంది. సాయంత్రం కేకు వచ్చేసరికి వంటింట్లోకి వెళ్ళిపోతుంది. ఎవరూ ఆమెను పొమ్మనలేదు, ఆమె ఎవరినీ తప్పు పట్టలేదు. ఇల్లు ఒకటే అయినా పండుగ మాత్రం రెండు గదుల్లో జరిగేది. పిల్లలు పెద్దవాళ్ళవుతున్న కొద్దీ ఆ రెండు గదుల మధ్య మాటలు కూడా తగ్గసాగాయి. వాళ్ళు తమలో తాము ఇంగ్లీషు, వీధిలో కన్నడం. అవ్వతో తెలుగు మాట్లాడాలంటే ఏదో ఒక పని కావాలి కదా!

నేను చేసిన మొదటి గులాబీ అమ్మకు చూపిస్తే, "అందంగానే ఉంది నాయనా, ఇందులో ఏమేం వేస్తారు?" అని అడిగింది. తరగతిలో నేర్పిన ముద్దలో గుడ్డు తెల్లసొన, జెలటిన్ ఉంటాయి. జెలటిన్ పశువుల ఎముకల నుంచీ, చర్మం నుంచీ తీసేది. అమ్మకు ఉన్నదున్నట్టు చెప్పాను. ఆమె పువ్వును జాగ్రత్తగా నా చేతికి ఇచ్చేసి, వెళ్ళి చెయ్యి కడుక్కుంది. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మా గురువుగారిని అడిగితే, ఆ రెండూ లేకుండానూ చేయవచ్చన్నారు. పాతకాలంలో ఇరాన్, టర్కీ వైపు పెరిగే పొదల నుంచి తీసే ట్రాగకాంత్ బంక వాడేవారు. ఇప్పుడు ఎక్కువగా సి.ఎం.సి. అనే పొడి వాడుతున్నారు. అది మొక్కల పీచు నుంచి తయారయ్యేదే. నాకు చివరికి కుదిరిన పాళ్ళు ఇవి: 250 గ్రాముల ఐసింగ్ షుగర్, రెండు టీ చెంచాల సి.ఎం.సి., ఒక చెంచా గ్లూకోజు పాకం, ఒక చెంచా వనస్పతి, సుమారు రెండు పెద్ద చెంచాల గోరువెచ్చని నీళ్ళు. నీళ్ళు ఒక్కసారిగా పోయకూడదు. ముద్దను బాగా మర్దించి, ప్లాస్టిక్ కాగితంలో గాలి చొరకుండా చుట్టి ఒక రాత్రి ఉంచాలి. మర్నాటికి అది సాగుతుంది. తెల్లసొన లేనందువల్ల కాస్త త్వరగా ఎండి బీటలిస్తుంది. కనుక ఎప్పుడూ చిన్న ముక్కే బయటికి తీసి, మిగతాది మూసి ఉంచాలి.

గులాబీకైతే ముందురోజే తీగ మీద మొగ్గ ఆకారం చేసి ఆరబెట్టాలి. ముద్దను అప్పడం కంటే పలచగా వత్తి రేకులు కోసి, గుండు తల ఉన్న పనిముట్టుతో అంచులు నొక్కాలి. రేకు కింద వార్తాపత్రిక పెడితే అక్షరాలు కనబడాలి. మొదట ఒక రేకు మొగ్గను పూర్తిగా చుట్టాలి, తర్వాత మూడు, ఆ పైన ఐదు. నోట్లు లెక్కపెట్టిన వేళ్ళకు పలచన తెలుసు కనుక ఈ పని నాకు తొందరగానే పట్టుబడింది.

దీనికి అసలు శత్రువు చెమ్మ. బెంగళూరు చలికాలంలో ఒక్క రాత్రిలో ఆరే రేకు, వానాకాలంలో మూడు రోజులైనా వంగుతూనే ఉంటుంది. చెన్నై, యానాం వంటి తీరప్రాంతాల వారు ఫ్యాను కింద ఆరబెట్టుకోవడం మంచిది. ఫ్రిజ్‌లో మాత్రం పెట్టవద్దు. బయటికి తీయగానే నీరు పట్టి పువ్వు వాలిపోతుంది, రంగు కారుతుంది.

2022లో అమ్మకు ఎనభై నిండాయి. పిల్లలు కేకు కోయాలన్నారు. గుడ్డు లేని కేకు పెరుగుతో చేయడానికి మా ఆవిడ ఒప్పుకుంది. పైన ఏ పువ్వు పెట్టనని అమ్మను అడిగాను. "గులాబీలెందుకు నాయనా, పారిజాతాలు చెయ్యి" అంది. పారిజాతం రాత్రి పూసి తెల్లవారేసరికి రాలుతుంది. రాలిన పువ్వునే ఏరి దేవుడికి పెడతాం. మా పెరట్లో చెట్టు ఉంది. అమ్మ నాలుగు పూలు ఏరుకొచ్చి, రేకులన్నీ ఒకే వైపు చక్రంలా తిరిగి ఉంటాయని, కాడ కాషాయం రంగులో ఉంటుందని పిల్లలకు చూపించింది. అంతకుముందు ఆ చెట్టు పేరు మా మనవరాలికి తెలియదు.

పారిజాతానికి తీగ వద్దంది అమ్మ. "పిల్లలు తినేదాంట్లో ఇనుమేమిటి?" అని. తీగ లేకుండా చేయాలంటే చిన్న ఉండను ఒక కొస సన్నగా సాగదీసి, లావు కొసను పుల్లతో తెరిచి, కత్తెరతో రేకులుగా కోయాలి. నేను చేస్తుంటే చూసి, "ఇది పువ్వొత్తి కదరా!" అంది. దూదితో రోజూ పువ్వొత్తులు చేసే చెయ్యి అది. కింద గుండ్రంగా, పైన సన్నగా, ఒక్క తిప్పుతో వచ్చేస్తుంది. ఆ రోజు నుంచి ఉండలు సాగదీయడం అమ్మ, కోయడం నేను, రేకులు తిప్పడం పిల్లలు. చేతులు వణికినా ఆమె కాడలు వంకర పోలేదు. మూడు వారాల్లో 108 అయ్యాయి. ఆ మూడు వారాలూ బల్ల చుట్టూ నడిచిన మాటలన్నీ తెలుగే.

పుట్టినరోజున అమ్మ హాల్లోనే కూర్చుంది. కొన్ని పువ్వులు డబ్బాలో దాచుకుంటానన్నాను. పొడిగా, వెలుతురు తగలకుండా ఉంచితే ఇవి ఏళ్ళ తరబడి చెడవు. "తినే వస్తువును దాచుకుంటారా?" అని ఒక్కొక్కరి చేతిలో ఒక్కో పువ్వు పెట్టింది. చివరిది తను నోట్లో వేసుకుని, "చిలక రుచే" అంది. ఒక్క పువ్వు కూడా మిగల్లేదు.

లెక్క చూస్తే, పంచదారకు అయిన ఖర్చు చాలా తక్కువ. ఖర్చంతా కాలమే. మొదలుపెట్టేవారు ఖరీదైన పనిముట్లు కొనవద్దు. ఒక పుల్ల, చిన్న కత్తెర, కాస్త మొక్కజొన్న పిండి చాలు. మల్లెతో గాని నందివర్ధనంతో గాని మొదలుపెట్టండి. తీగ గుచ్చిన పువ్వును నేరుగా కేకులో దించకండి, తినే ముందు తప్పక తీసేయండి. ఇంట్లో వత్తులు చేసే పెద్దవాళ్ళుంటే పక్కనే కూర్చోబెట్టుకోండి. సగం పని వారికి వచ్చే ఉంటుంది.