గాటు చిన్నదే గాని...

ఆపరేషను ఎంత పెద్దదో కుట్లు లెక్కపెట్టి చెప్పటం మనవాళ్ళకు అలవాటు. మా అక్కకు గుండెలో మైట్రల్ కవాటం చెడినప్పుడు మేమూ అలాగే లెక్క వేశాం. రొమ్ము ఎముక కోయకుండా, కుడివైపు పక్కటెముకల సందున నాలుగు వేళ్ళ గాటుతో సరిపోతుందన్నారు డాక్టరుగారు.

"అంతేనటోయ్! కత్తిపీటకు తెగినంత!" అని సంబరపడ్డారు మా బావగారు.

నిజానికి అది సామాన్యమైన విద్య కాదు. 1953లో ఫిలడెల్ఫియాలో గిబ్బన్ అనే వైద్యుడు గుండె, ఊపిరితిత్తుల పనిని యంత్రానికి అప్పగించి, ఒక యువతి గుండెలోని రంధ్రం మూశాడు. 1996లో ఫ్రాన్సులో కార్పెంటియర్ కెమెరా సాయంతో చిన్న గాటులోంచే మైట్రల్ కవాటాన్ని బాగుచేశాడు.

అయితే, అంత చిన్న వాకిట్లోంచి గుండె కనబడాలంటే అడ్డంగా ఉన్న కుడి ఊపిరితిత్తిలోంచి గాలి తీసి అణచి ఉంచాలి. పనయ్యాక మళ్ళీ గాలి నింపుతారు. గంటల తరబడి ముడుచుకున్న తిత్తి తిరిగి విచ్చుకునేసరికి, ఏ కొద్దిమందికో అందులోని సన్నని రక్తనాళాలు ఊటలెత్తుతాయి. గాలి ఉండవలసిన గదుల్లో నీరు చేరుతుంది.

ఆపరేషను బాగా జరిగిందనగానే మేమంతా 'అమ్మయ్య' అని ఊపిరి పీల్చుకున్నాం. లోపల అక్కకు మాత్రం ఊపిరి అందటం లేదు. గొట్టంలోంచి గులాబిరంగు నురగ వస్తోందట. ఎక్సురేలో ఎడమ ఊపిరితిత్తి నల్లగా, ఉండవలసినట్టే ఉంది. కుడిది సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది. కవాటం మాత్రం భేషుగ్గా పనిచేస్తోంది!

"గాటు నాలుగు వేళ్ళేగదండీ?" అన్నారు బావగారు, గొంతు పూడుకుపోగా.

"గాటు చిన్నదే. లోపల చేసిన పని చిన్నది కాదుగదా!" అన్నారు డాక్టరుగారు.

ఊపిరి విడిచినప్పుడు కూడా గాలిగదులు మూసుకుపోకుండా వెంటిలేటరుతో ఒత్తిడి నిలిపి ఉంచారు. మూడోనాటికి ఆ తెలుపు పలచబడింది. నాలుగోనాడు గొట్టం తీశారు.

చిన్న గాటు మంచిదే. ఎముక కోత తప్పుతుంది, మనిషి త్వరగా లేచి తిరుగుతాడు. కాని, ఇంట్లో ఎవరికైనా అటువంటి ఆపరేషను తలపెడితే, కుట్లు ఎన్నని అడిగే ముందు, ఊపిరితిత్తుల సంగతేమిటని డాక్టరుగారిని అడగండి. పొగతాగే అలవాటుంటే ముందుగానే మాన్పించండి. తరువాత చెప్పే శ్వాస కసరత్తులను తేలికగా తీసుకోనివ్వకండి.

మనసు కుదుటపడితే 'ఊపిరి పీల్చుకున్నాం' అంటుంది మన తెలుగు. ఆ హక్కు ముందు రోగిది, తరువాతనే మనది.