మూడు భూములు

నేను చదివినది ఆంగ్ల సాహిత్యం, బ్రతుకుతెరువు అనువాదం. కొన్నేళ్ళ క్రితం, అతి స్వల్పమైన వోల్టేజీలను కొలిచే పరికరాల నిర్మాణాన్ని వివరించే ఒక కరదీపికను తెలుగు చేయడానికి ఒప్పుకున్నాను.

విద్యుత్ సరఫరా అధ్యాయం మొదట కథలా సాగింది. 230 వోల్టుల ఏకాంతర విద్యుత్తును ట్రాన్స్‌ఫార్మర్ తగ్గిస్తుంది. రెక్టిఫైయర్ దానిని ఒకే దిక్కుకు మళ్ళిస్తుంది. అప్పటికీ సెకనుకు 100 సార్లు ఎగసిపడే అలలను కెపాసిటర్, ఆపైన రెగ్యులేటర్ అణచివేస్తాయి. ‘అలలు’ అన్న మాట దొరికినందుకు ఆనాడు ఎంత మురిసిపోయానో!

చిక్కు ‘భూమి’తో వచ్చింది. మూలంలో అక్కడ మూడు వేర్వేరు మాటలున్నాయి. చెప్పిన మాటే చెప్పకుండా పర్యాయపదాలు వాడటం సాహిత్యంలో మామూలే గనుక, ఇదీ అటువంటి సొగసే అనుకొని మూడింటికీ ‘భూమి’ అనే వ్రాశాను.

చదివి చూడమని నా వ్రాతప్రతిని ఒక పాలిటెక్నిక్ విద్యార్థికి ఇచ్చాను. అతడు చదివి ఊరుకోలేదు, పరికరమే కట్టాడు. నెల తరువాత దానిని సంచిలో పెట్టుకొని వచ్చి, “రెండు మొనలూ కలిపినా సున్న రావడం లేదండీ, 170 మైక్రోవోల్టులు చూపిస్తోంది. రెగ్యులేటర్ రెండుసార్లు మార్చాను” అన్నాడు. ఆ డబ్బు అతని మెస్సు బిల్లులోదని తరువాత తెలిసింది.

ఇద్దరం అతని మాస్టారి దగ్గరకు వెళ్ళాం. ఆయన మూత తీసి చూసి, నా వ్రాతప్రతి అడిగారు. అంకెలు చూపే దీపాలు వాడుకున్న 100 మిల్లీఆంపియర్లు తిరిగి వెళ్ళే దారి ఒకటి. కొలతకు సున్నగా పెట్టుకొనే ఆధారబిందువు వేరొకటి. షాక్ కొట్టకుండా లోహపు పెట్టెను ఎర్తుకు కలిపే తీగ ఇంకొకటి. మూడూ ఒకే ఒక్క చోట కలవాలి తప్ప, ఒకే తీగ కారాదు. అన్నీ ‘భూమి’ అన్నానుగా, కుర్రవాడు అన్నింటికీ ఒకే తీగ లాగాడు! అడ్డుకోత ఒక చదరపు మిల్లీమీటరుండే రాగితీగకు మీటరుకు సుమారు 17 మిల్లీఓముల నిరోధం. పది సెంటీమీటర్ల తీగలో ఆ దీపాల విద్యుత్తు పారితే పుట్టేది దాదాపు 170 మైక్రోవోల్టులే. రెగ్యులేటర్లు నిర్దోషులు.

మాస్టారు దారులు వేరుచేయించారు. అంకె రెండు, మూడు మైక్రోవోల్టులకు దిగింది. రెగ్యులేటర్ల ఖరీదు ఇవ్వబోతే అతడు పుచ్చుకోలేదు. “అచ్చు కాకముందే తెలిసింది కదండీ” అన్నాడు.

ఆ రాత్రి మూడు రంగుల పెన్సిళ్ళు ముందు పెట్టుకొని, ప్రతి ‘భూమి’ దగ్గరా ఆగి, అది ఏ భూమో మూలంలో వెతుక్కున్నాను. అధ్యాయం పూర్తయ్యేసరికి తెల్లవారింది.