చేతికందిన చేప

పాలమూరు పల్లెలలో పెరిగినవారికి ఎండిన చెరువు కొత్త దృశ్యం కాదు. మా అమ్మగారి ఊరు పెద్దమందడి. 2016 అక్టోబరు 11న వనపర్తి జిల్లా ఏర్పడేవరకు అది మహబూబ్‌నగర్ జిల్లాలోనిది. నా చిన్నతనంలో సెలవులకు వెళ్తే, వేసవి నాటికి చెరువు నెర్రెలు వారి ఉండేది. పిల్లలం అందులోనే ఆడుకునేవాళ్లం. ఎత్తిపోతల పథకాల కాలువలు ఈ ప్రాంతానికి నీరు తెచ్చిన తర్వాత చెరువుల రూపు మారింది. నీరు నిలిచిన చోట చేప నిలిచింది. చేప నిలిచిన చోటికి మనిషి ఆశ కూడా వచ్చి గట్టున కూర్చుంది.

మా మామూకు గాలం వేయడమంటే ఇష్టం. ఆయనకు పడవ లేదు. గాలి నింపిన లారీ ట్యూబు, దానిపై తాళ్లతో బిగించిన చెక్క పలక, చేతిలో చిన్న తెడ్డు, ఇదే ఆయన నావ. గద్వాల వైపు కృష్ణానదిలో వెదురుతో అల్లిన గుండ్రని పుట్టి నడుపుతారు. మా చెరువుకు ట్యూబే చాలు. నీటికి జానెడు ఎత్తున కూర్చుంటే చెరువు మరోలా కనిపిస్తుంది. ఇంజను చప్పుడు ఉండదు. అడుగున చేప మేస్తున్న చోట లేచే సన్నని బుడగలు, గాలి పీల్చుకోవడానికి పైకి వచ్చిన కొర్రమీను మూతి, అన్నీ కంటికి ఆనుతాయి.

చెరువులోని చేపలపై హక్కు మత్స్య సహకార సంఘానిది. అందులోని సభ్యుల కుటుంబాలకు అదే జీవనాధారం. మామూ ఏటా సంఘం పెద్దలను కలిసి, వారు చెప్పిన సొమ్ము చెల్లించిన తర్వాతే ట్యూబును నీటిలోకి దించుతారు. "నాలుగు చేపలకు ఇంత లెక్క దేనికి సాహెబ్?" అని వారు నవ్వుతారు. ఆయన సమాధానం ఒక్కటే: "చేపకు జిబహ్ అవసరం లేదన్నా. కనుకనే అది ఎవరి హక్కో చూసుకోవడం మరింత అవసరం. హలాల్ అనేది కత్తి దగ్గర మొదలవదు."

మా పెద్దబ్బాయికి పన్నెండేళ్లు. వాడు బాగా ఈత నేర్చిన తర్వాతే మామూ వెంట తీసుకెళ్లడానికి ఒప్పుకున్నారు. గత వానాకాలంలో ఒక ఉదయం తుంగ మొలిచిన ఒడ్డు దగ్గర నీటిపై ఎర్రని మరక వంటిది కదలడం వాడు చూశాడు. అది కొర్రమీను పిల్లల గుంపు. పెద్ద కొర్రమీను నల్లగా ఉంటుంది గానీ, దాని పసిపిల్లలు నారింజ ఎరుపు రంగులో ఉంటాయి. అవి గుంపుగా పైకి వస్తుంటే, అడుగున తల్లిదండ్రులు కాపలా కాస్తాయి. గుంపు మధ్య గాలం పడితే, పిల్లల మీదికి శత్రువు వచ్చిందనుకొని పెద్ద చేప దానిపై విరుచుకుపడుతుంది. ఇంతకంటే సులువైన వేట లేదు. అలా పెద్ద చేప పోయిన మరుక్షణం పిల్లలు ఇతర చేపల పాలవుతాయి.

వాడు గాలం ఎత్తాడు. మామూ మాట్లాడకుండా తెడ్డు తిప్పి ట్యూబును అవతలికి మళ్లించారు. ఆ రోజు వాడు ముఖం ముడుచుకొనే ఇంటికి వచ్చాడు. రాత్రి భోజనాల వేళ నన్ను అడిగాడు: "అది హలాల్ చేపే కదా అబ్బా! సంఘానికి డబ్బు కూడా కట్టాం. మరి దాదా ఎందుకు వదిలేశారు?"

ప్రశ్న న్యాయమైనదే. దానికి జవాబుగా అల్ ఆరాఫ్ సూరా 163వ ఆయత్ నుంచి ప్రస్తావనకు వచ్చే సముద్రతీర పట్టణ ప్రజల వృత్తాంతాన్ని వాడికి వివరించాను. శనివారం వేట వారికి నిషిద్ధం. ఆ రోజే చేపలు నీటిపైకి తేలి వచ్చేవి. మిగతా రోజుల్లో కనిపించేవి కావు. ఆ చేపలు స్వతహాగా నిషిద్ధమైనవి కావు. నిగ్రహించుకోవలసిన వేళ అవి చేతికందడమే పరీక్ష. మన చెరువు దగ్గర ఆ నిషేధమేదీ లేదు. కానీ సులువుగా అందినప్పుడు చేయి ఆపుకోగలమా అన్న ప్రశ్న మాత్రం మన ముందూ ఉంది.

ఆ ప్రశ్న ఏటా తొలి వానలకే అలుగు దగ్గర ఎదురవుతుంది. కొత్తనీరు పారగానే గుడ్లతో నిండిన చేపలు ప్రవాహానికి ఎదురెక్కుతాయి. యువకులు దోమతెరలు, పాత చీరలు అడ్డం కట్టి బుట్టల కొద్దీ పట్టుకుంటారు. మామూ వెళ్లి వారించి వస్తారు. కొందరు వింటారు, కొందరు విసుక్కుంటారు. "వినని వాళ్లకు చెప్పడమెందుకు?" అని ఇంట్లోవాళ్లే అంటారు. ఆ పట్టణంలోనూ కొందరు ఇదే మాట అన్నారు. ప్రభువు ఎదుట తమ బాధ్యత తీరాలని, వారు మారవచ్చునని హితవు చెప్పినవారు బదులిచ్చారు. మామూ ఈ చర్చలోకి దిగరు. మరుసటి వానకు మళ్లీ వెళ్తారు.

అమెరికాలోని టెక్సాస్‌లో ఉద్యోగం చేస్తున్న మా అక్క కొడుకు ఈ మధ్య ఒక వీడియో పంపాడు. కయాక్ అనే ఒంటరి మనిషి పట్టే సన్నని పడవలో కూర్చొని, శాన్ ఆంటోనియో సమీపంలోని కాలవెరాస్ సరస్సులో రెడ్‌ఫిష్ పట్టాడు. రాగి ఎరుపు ఒళ్లు, తోక దగ్గర నల్లని మచ్చ. నిజానికది సముద్రపు చేప. ఆ మంచినీటిలో పెరుగుతుంది గానీ గుడ్లు పెట్టి సంతతిని నిలుపుకోలేదు. కేంద్రాలలో పెంచిన పిల్లలను తెచ్చి వదులుతుంటారు. అందుకే అక్కడ రోజుకు 3 చేపలకు మించి తీసుకోరాదు. 20 అంగుళాలకు తక్కువైనదాన్ని నీటిలోనే వదలాలి.

వీడియో చూసి మామూ, "మన బొచ్చె, రవ్వల సంగతీ అంతే" అన్నారు. నిజమే. అవి చెరువులో బలుస్తాయి గానీ, నిలిచిన నీటిలో గుడ్లు పెట్టవు. వాటికి వరద పారే నది కావాలి. 1957 జూలై 10న ఒడిశాలో హీరాలాల్ చౌధురి, అలికున్హి అనే శాస్త్రవేత్తలు పీయూష గ్రంథి సారాన్ని సూదిమందుగా ఇచ్చి వీటి జాతి చేపలచేత గుడ్లు పెట్టించగలిగారు. జాతీయ మత్స్య రైతుల దినోత్సవం ఆ తేదీనే జరుపుకుంటాం. నేడు మన చెరువులలో వదిలే పిల్లల వెనుక ఆ కృషి ఉంది. అంటే మన గాలానికి చిక్కే ప్రతి రవ్వనూ ఎవరో పెంచి, ఎవరో మోసుకొచ్చి, ఎవరో నీటిలో వదిలారు. అల్లాహ్ ప్రసాదించే ఉపాధి ఎందరి చేతుల మీదుగా మన విస్తరికి చేరుతుందో తలచుకుంటే, మొదటి ముద్దకు ముందు పలికే బిస్మిల్లాహ్ మరింత నిండుగా వినిపిస్తుంది.

ఈ ఏడాది సంఘానికి చెల్లించవలసిన సొమ్మును మామూ మా అబ్బాయి చేతికే ఇచ్చి పంపారు. వాడు పరుగున తిరిగి వచ్చాడు. "చేపపిల్లలను వదిలే రోజు నన్నూ రమ్మన్నారు అబ్బా!"